ధూళి వెనుక పుట్టే నక్షత్రాలను దూరపు గెలాక్సీల్లో ఎలా లెక్కించాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అనేక టెలిస్కోపులు లోతుగా సర్వే చేసిన ఆకాశపు ముక్క అయిన కాస్మాస్ క్షేత్రపు బహిరంగ జాబితాలోంచి ఎర్రగా కనిపించే దూరపు గెలాక్సీలను ఏరారు. వాటి అతినీలలోహిత కాంతికి ధూళి సవరణ చేసి, ఏడాదికి ఎన్ని సూర్యుల ద్రవ్యరాశికి సమానమైన నక్షత్రాలు పుడుతున్నాయో లెక్కకట్టారు. ఇది సరిపోతుందా, సరిపోకపోతే మిగిలినదాన్ని సొంత టెలిస్కోపు లేకుండా హైదరాబాదులో కూర్చుని పట్టుకోగలమా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మొదటి ప్రశ్నకు జవాబు సరిపోదు, రెండవదానికి జవాబు పట్టుకోగలం. ధూళి ఆపిన కాంతిని సవరణతో ఊహించడం కన్నా, ఆ ధూళి వేడెక్కి తిరిగి వెదజల్లిన వెలుగును పరారుణ, సబ్‌మిల్లీమీటరు తరంగాల్లో నేరుగా కొలవడమే నమ్మదగిన దారి. అయితే ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి లోతైన సర్వేల డేటాతో పనిచేసినవాడిగా ఒక మాట ముందే చెబుతాను. ఈ పనిలో ఆ వెలుగును కనిపెట్టడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. అది ఏ గెలాక్సీదో, ఆ ధూళిని వేడి చేసినది ఎవరో తేల్చడంలోనే అసలు శ్రమంతా ఉంటుంది. నేను చేసిన తప్పులన్నీ ఈ రెండు చోట్లనే జరిగాయి.

ముందు కారణం చూద్దాం. ఒక గెలాక్సీలో ఇప్పుడు నక్షత్రాలు పుడుతున్నాయని చెప్పే సాక్షులు భారీ నక్షత్రాలు. అవి సూర్యునిలాగా వందల కోట్ల ఏళ్లు బతకవు. కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే ఇంధనం ముగించుకుని పేలిపోతాయి. కాబట్టి వాటిలో చాలా నక్షత్రాలు తాము పుట్టిన దట్టమైన మేఘాన్ని వదిలి బయటికి రాకముందే ఆయుష్షు తీరిపోతుంది. అవి వెదజల్లేది ప్రధానంగా అతినీలలోహిత కాంతి. మైక్రానులో పదో వంతూ అంతకన్నా చిన్నవీ అయిన సిలికేటు, కర్బన రేణువులు అన్నిటికన్నా బాగా మింగేదీ ఆ కాంతినే. అంటే పుట్టుకను చెప్పే సాక్షి, ఆ సాక్షి నోరు మూసే ధూళి, రెండూ ఒకే చోట ఉంటాయి. నగర శివార్లలో ఇటుక బట్టీని చూసే ఉంటారు. లోపలి మంట కంటికి కనబడదు కానీ, గోడ దగ్గరికి వెళితే వేడి తెలుస్తుంది. మింగిన శక్తి ఎక్కడికీ పోదు గనుక 20 నుంచి 60 కెల్విన్ల దాకా వేడెక్కిన ధూళి దానిని 100 మైక్రాన్ల పరిసరాల్లో తిరిగి వెదజల్లుతుంది.

ఇది చిన్న సవరణతో పోయే సంగతి కాదు. 1990ల్లో కోబే ఉపగ్రహపు కొలతల నుంచి విశ్వపు పరారుణ నేపథ్య కాంతిని వేరు చేసినప్పుడు, విశ్వ చరిత్రలో నక్షత్రాలూ కృష్ణబిలాల పరిసరాలూ విడుదల చేసిన కాంతిశక్తిలో దాదాపు సగం ధూళి ద్వారానే మనకు చేరుతోందని తేలింది. నక్షత్రాల పుట్టుక అత్యంత ఉధృతంగా సాగిన కాలంలో, అంటే ఇప్పటికి సుమారు 1000 కోట్ల ఏళ్ల కిందట, రెడ్‌షిఫ్ట్ 2 ప్రాంతంలో, దాగిన వాటా ఇంకా ఎక్కువ. (విశ్వ విస్తరణ వల్ల కాంతి తరంగాలు దారిలో ఎంత సాగాయో చెప్పే కొలత రెడ్‌షిఫ్ట్. అది ఎంత ఎక్కువైతే గెలాక్సీ అంత దూరం, అంత పాతకాలం.) మన నగరంలోని నిజామియా అబ్జర్వేటరీ గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అంతర్జాతీయ ఆకాశపట ప్రణాళికలో తన వంతు భాగాన్ని ఫోటో పలకల మీద ఎంతో ఓపికగా తీసింది. ఆ కాలపు పలకలు నీలి కాంతికే బాగా స్పందించేవి, అంటే ధూళి చేతిలో అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేవి. కొత్త పరికరం చేతిలో ఉన్నా కేవలం అతినీలలోహిత, దృశ్య కాంతులతో ఆగిపోతే మన స్థితీ అంతే.

ఇక మీరు చేసిన సవరణ సంగతి. అతినీలలోహిత వర్ణపటపు వాలును చూసి ఎంత ధూళి ఉందో అంచనా వేసే పద్ధతి తప్పు కాదు. కానీ దాని వెనుక ఒక ఊహ ఉంది: ధూళి ఒక తెరలాగా నక్షత్రాలకు ముందు నిలిచి ఉంటుందన్నది. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నుంచి చూస్తే సూర్యుడు ఎర్రబడి మసకబారినట్టే, ఎంత ఎర్రబడితే అంత కాంతి తగ్గిందని అది లెక్క వేస్తుంది. నిజమైన గెలాక్సీలో నక్షత్రాలూ ధూళీ కలగలిసి ఉంటాయి. దట్టమైన మేఘపు నడిబొడ్డున ఉన్నవాటి కాంతి ఎర్రబడి కాదు, అసలే రాదు. పైపొరల్లో ఉన్నవాటి కాంతి మాత్రం పెద్దగా ఎర్రబడకుండానే వస్తుంది. అందువల్ల మీరు కొలిచే వాలు ఆ పైపొర సంగతే చెబుతుంది. హైడ్రోజన్ వాయువు వెదజల్లే వర్ణపట రేఖలతో చేసే సవరణకూ ఇదే పరిమితి. హెచ్-ఆల్ఫా, హెచ్-బీటా రేఖల నిష్పత్తి ధూళి లేనప్పుడు 2.86 ఉండాలి, అంతకు మించిన దాన్ని బట్టి సవరణ చేస్తాం. కానీ హెచ్-ఆల్ఫా కూడా బయటికి రాని చోట నిష్పత్తి ఎలా తీస్తాం? మనకు సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆర్ప్ 220 అనే గెలాక్సీ దీనికి మంచి ఉదాహరణ. దాని వెలుగు మొత్తం లక్ష కోట్ల సూర్యులకు మించి ఉంటుంది. అందులో దాదాపు అంతా పరారుణంలోనే వస్తుంది. అతినీలలోహితంలో మాత్రమే చూసినవారికి అది ఒక సాధారణ గెలాక్సీ.

మరొక మాట కూడా స్పష్టంగా చెప్పాలి: ఎరుపు అంటే ధూళి అని కాదు. దూరపు గెలాక్సీ ఎర్రగా కనబడటానికి మూడు దారులున్నాయి: లోపల ముసలి నక్షత్రాలే మిగిలి ఉండటం, ధూళి ఉండటం, రెడ్‌షిఫ్ట్ చాలా ఎక్కువగా ఉండటం. మొదటి రెండింటినీ విడదీయడానికి రెండు రంగులను ఒకదానిపై ఒకటి గీసే, మూడు ఫిల్టర్ల పేర్లతో పిలిచే యూ-వీ-జే పటం ఉపయోగపడుతుంది, ఎందుకంటే ముసలి గెలాక్సీ పొడవు తరంగాల వైపు వెళ్లేకొద్దీ ఎర్రబడటం ఆపేస్తుంది, ధూళి ఉన్నది ఆపదు. మూడవ దారి పెద్దవాళ్లనే బోల్తా కొట్టించింది. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రాల్లో సీర్స్-93316 అనే వస్తువు రెడ్‌షిఫ్ట్ 16 ప్రాంతంలో ఉందని, అంటే విశ్వం పుట్టిన సుమారు 24 కోట్ల ఏళ్లకే అది వెలిగిందని అనుకున్నారు. మరుసటి ఏడాది వర్ణపటం తీస్తే రెడ్‌షిఫ్ట్ 4.9 అని తేలింది. ధూళితో ఎర్రబడిన ఆ గెలాక్సీలోని బలమైన ఉద్గార రేఖలు కొన్ని ఫిల్టర్లలో పడి, అతి దూరపు గెలాక్సీ ఆకారాన్ని అనుకరించాయి. మీ జాబితాలో రంగుల ఆధారంగా అంచనా వేసిన రెడ్‌షిఫ్ట్ తప్పయితే, తర్వాత చేసే లెక్కలన్నీ దానితోపాటే కొట్టుకుపోతాయి.

ఇప్పుడు నేరుగా కొలిచే పద్ధతులకు వస్తాను.

స్పిట్జర్ టెలిస్కోపు 24 మైక్రాన్ల పటాలు కాస్మాస్ క్షేత్రమంతటా ఉన్నాయి, ఎక్కువమంది మొదట వాటి దగ్గరికే వెళతారు. నేనూ అలాగే వెళ్లాను. కానీ రెడ్‌షిఫ్ట్ 2 వద్ద ఉన్న గెలాక్సీకి మీరు 24 మైక్రాన్ల వద్ద కొలుస్తున్నది మూడు రెట్లు సాగి వచ్చిన దాని సొంత 8 మైక్రాన్ల కాంతి. అంటే చల్లని ధూళి వేడిని కాదు, పీఏహెచ్‌లు అనే పెద్ద కర్బన అణువుల మెరుపును. దాని నుంచి మొత్తం పరారుణ శక్తికి చేరాలంటే ఒక నమూనా వర్ణపటం మీద ఆధారపడాలి. ఆ రోజుల్లో మేం మన దగ్గరి అతి ప్రకాశవంతమైన గెలాక్సీల నమూనాలనే దూరపు వాటికీ తొడిగేవాళ్లం. 2009లో అంతరిక్షానికి వెళ్లిన హెర్షెల్ టెలిస్కోపు 100 నుంచి 500 మైక్రాన్ల వరకు నేరుగా కొలిచాక తెలిసింది, రెడ్‌షిఫ్ట్ ఒకటిన్నర దాటిన ప్రకాశవంతమైన గెలాక్సీల్లో ఆ లెక్కలు నాలుగైదు రెట్లు ఎక్కువ చెప్పగలవని. కారణం సాంకేతిక దోషం కాదు. దగ్గరి అతి ప్రకాశవంతమైన గెలాక్సీల్లో రెండు గెలాక్సీలు ఢీకొని, నక్షత్రాల పుట్టుక అంతా ఒక చిన్న గర్భంలో ముద్దకట్టి జరుగుతుంది. దూరపువి మాత్రం అంతే వెలుగుతున్నా విశాలమైన వాయు పళ్లెంలో మామూలుగా నక్షత్రాలను కంటున్నాయి. ఒకే వెలుగు, వేర్వేరు కాపురాలు. నా తొలి జాబితాలో సగానికి పైగా సంఖ్యలను తిరగరాయవలసి వచ్చింది.

అయితే హెర్షెల్‌తో మరో చిక్కు ఉంది, దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. దాని అద్దం వ్యాసం 3.5 మీటర్లు. 500 మైక్రాన్ల వద్ద అది చూడగలిగిన అతి చిన్న మచ్చ 36 ఆర్క్‌సెకండ్ల (ఒక ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు) వెడల్పు ఉంటుంది. రెడ్‌షిఫ్ట్ 2 దూరంలో అది సుమారు పది లక్షల కాంతి సంవత్సరాలు, అంటే మన పాలపుంత పళ్లానికి పది రెట్లు. హబుల్ టెలిస్కోపు తీసిన అల్ట్రా డీప్ ఫీల్డ్ అనే లోతైన చిత్రంలో 11 చదరపు ఆర్క్‌నిమిషాల్లో సుమారు పదివేల గెలాక్సీలు కనిపించాయి. ఆ లెక్కన ఒక్క హెర్షెల్ మచ్చలో రెండు వందలకు పైగా గెలాక్సీలు పడతాయి. రాత్రి మౌలాలి గుట్ట ఎక్కి నగరాన్ని చూస్తే దూరపు కాలనీల దీపాలు ఒకదానిలో ఒకటి కలిసి ఒకే వెలుగు ముద్దగా కనిపిస్తాయి కదా, అలాంటిదే ఇది. ఇంకో గంట నిలబడి చూసినా ఆ దీపాలు విడిపోవు. అలాగే హెర్షెల్ ఎంతసేపు చూసినా ఒక హద్దు కిందికి వెళ్లలేకపోయింది. 250 నుంచి 500 మైక్రాన్ల వరకు ఆ కలగాపులగపు హద్దు సుమారు 6 మిల్లీజాన్‌స్కీలు (మనకు చేరే కాంతి ఎంతో చెప్పే కొలమానం). అందుకే మీరు ప్రచురిత జాబితాలో చూసే హెర్షెల్ విలువల్లో చాలావరకు నేరుగా కొలిచినవి కావు. 24 మైక్రాన్లలోనో రేడియోలోనో ముందే తెలిసిన స్థానాలకు ఆ వెలుగు ముద్దను పంచిపెట్టి తీసినవి. పంపకం ఎంత బాగా చేసినా అది పంపకమే. ముందే తెలిసిన స్థానాల పట్టికలో అసలు గెలాక్సీ లేకపోతే దాని వాటా పక్కవాడికి పోతుంది.

నాకు జరిగినది ఇదే. 250 మైక్రాన్లలో ఒక ప్రకాశవంతమైన మచ్చ, దాని నడుమ కొద్దిపాటి రెడ్‌షిఫ్ట్‌లో చక్కటి సర్పిల గెలాక్సీ. ఇంతకన్నా ఏం కావాలని ఆ వెలుగంతా దానికి రాసేశాను. నక్షత్రాలు జోరుగా పుట్టే చోట రేడియో వెలుగూ ఉండాలి గనుక తర్వాత రేడియో పటం వేసి చూస్తే అక్కడ ఏమీ లేదు. 8 ఆర్క్‌సెకండ్ల అవతల, దృశ్య కాంతిలో ఖాళీగా ఉన్న చోట స్పష్టమైన రేడియో చుక్క ఉంది. స్పిట్జర్ సమీప పరారుణ చిత్రంలో మాత్రం అక్కడ ఒక మసక కనబడింది. చూడముచ్చటగా ఉన్నవాడే దోషి అనుకోవడం ఈ రంగంలో అతి సులభమైన పొరపాటు.

చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ హెచ్‌డీఎఫ్-850.1 అనే గెలాక్సీ. హబుల్ 1995 డిసెంబరులో పది రోజులపాటు ఒకే చోట చూసి తీసిన డీప్ ఫీల్డ్‌ను, 1998లో హవాయిలోని 15 మీటర్ల జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపు మీది స్కూబా కెమెరా 850 మైక్రాన్లలో చూసింది. ఆ చోట కనబడిన వాటిలో అన్నిటికన్నా ప్రకాశవంతమైనది ఇది. హబుల్ చిత్రంలో మాత్రం దానికి తిరుగులేని జోడీ దొరకలేదు. దాని రెడ్‌షిఫ్ట్ 5.18 అని తేలడానికి 2012 దాకా ఆగవలసి వచ్చింది, అదీ ధూళి నుంచి కాక చల్లని వాయువులోని కర్బన మోనాక్సైడు, అయనీకృత కర్బన రేఖల నుంచి. విశ్వం వయసు 110 కోట్ల ఏళ్లున్నప్పుడు ఏడాదికి సుమారు 850 సూర్యుల ద్రవ్యరాశి మేర నక్షత్రాలను కంటున్న గెలాక్సీ అది. మన పాలపుంతది ఒకటీ రెండూ.

అంత దూరంలో ఉన్నది అంత సులభంగా ఎలా కనబడింది? దీనికి కారణం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం. గెలాక్సీ దూరమయ్యేకొద్దీ వెలుగు తగ్గాలి. కానీ ధూళి వర్ణపటం 100 మైక్రాన్ల శిఖరం నుంచి పొడవు తరంగాల వైపు నిటారుగా దిగుతుంది. రెడ్‌షిఫ్ట్ పెరిగేకొద్దీ మన 850 మైక్రాన్ల కిటికీలోకి ఆ శిఖరానికి దగ్గరి భాగం జరిగి వస్తుంది. దూరం వల్ల పోయినదాన్ని ఈ జరుగుబాటు భర్తీ చేయడంతో, ఒకే గెలాక్సీని రెడ్‌షిఫ్ట్ 1 వద్ద పెట్టినా 8 వద్ద పెట్టినా దాదాపు అంతే ప్రకాశంగా కనబడుతుంది. మరే తరంగదైర్ఘ్యమూ మనకు ఇంత ఉపకారం చేయదు. అయితే ఈ ఉపకారానికీ ఒక హద్దు ఉంది. మహావిస్ఫోటం నుంచి మిగిలి ఆకాశమంతా నిండిన విశ్వ సూక్ష్మతరంగ నేపథ్యపు ఉష్ణోగ్రత రెడ్‌షిఫ్ట్ 6 వద్ద 19 కెల్విన్లు. చల్లని ధూళి ఆ నేపథ్యంలో కలిసిపోయి తన కాంతిలో కొంత పోగొట్టుకుంటుంది.

మచ్చ వెడల్పు సమస్యను తీర్చినది చిలీలోని అటకామా ఎడారిలో 5000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా అనే సబ్‌మిల్లీమీటరు టెలిస్కోపు. అక్కడి 66 యాంటెన్నాలు కలిసి ఆర్క్‌సెకండు కన్నా సూక్ష్మంగా చూస్తాయి. ఒకే ధూళి గెలాక్సీ అనుకున్నవి కొన్ని రెండు మూడుగా విడిపోయాయి. 2019లో ఒక బృందం హబుల్‌కు అసలే కనబడక, స్పిట్జర్‌కు మాత్రం కనబడిన వాటిని ఆల్మాతో చూసి 39 భారీ గెలాక్సీలను నిర్ధారించింది. అంటే మనం «సంపూర్ణం» అని పిలుచుకున్న జాబితాల్లో భారీ గెలాక్సీలే కనబడకుండా పోయాయి. ఆల్మాకు ఉన్న లోపం ఒక్కటే: ఒకసారికి అది చూసే ఆకాశపు ముక్క మరీ చిన్నది.

ఇక రెండవ చిక్కు, ధూళిని వేడి చేసినది ఎవరు? నక్షత్రాలే కానక్కరలేదు. గెలాక్సీ నడుమ ఆహారం దొరికిన భారీ కృష్ణబిలం కూడా ధూళిని కాలుస్తుంది, పైగా ఇంకా ఎక్కువగా, కొన్ని వందల కెల్విన్ల దాకా. ఒకసారి రెడ్‌షిఫ్ట్ 1.8 ప్రాంతంలోని ఒక గెలాక్సీకి 24 మైక్రాన్ల విలువతో ఏడాదికి 900 సూర్యులని రాసుకుని, ఒక సెమినారులో గర్వంగా చూపించాను. వెనుక వరుస నుంచి ఒకరు «250 మైక్రాన్లలో ఎంత ఉంది?» అని అడిగారు. ఏమీ లేదు. ఎక్స్-కిరణాల జాబితా తెరిస్తే సరిగ్గా అక్కడే ఒక చుక్క ఉంది. అప్పటి నుంచి నా నియమం ఇది: పొట్టి తరంగాల్లో మెరిసి పొడవు తరంగాల్లో మాయమయ్యేదాన్ని ముందు కృష్ణబిలంగానే అనుమానించాలి. ఎక్స్-కిరణాల్లో కనబడకపోయినంత మాత్రాన నిర్దోషి కాదు, ఎందుకంటే దట్టమైన వాయువు ఆ కిరణాలనూ ఆపగలదు.

రేడియో గురించి చెప్పకపోతే మన దేశపు వాటాను వదిలినట్టవుతుంది. భారీ నక్షత్రాలు పేలినప్పుడు వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలను వెదజల్లుతాయి, ధూళి వాటికి అడ్డే కాదు. గెలాక్సీ పరారుణ కాంతికీ రేడియో కాంతికీ మధ్య గట్టి పొంతన ఉంది. పుణె దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుకు ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 యాంటెన్నాలు ఉన్నాయి. వాటి లోతైన పటాలు ఈ పనికి చక్కగా పనికొస్తాయి. కాస్మాస్ క్షేత్రానికైతే అమెరికాలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపు 3 గిగాహెర్ట్జ్ వద్ద 0.75 ఆర్క్‌సెకండ్ల సూక్ష్మతతో తీసిన పటం, అందులోని 10,830 చుక్కల జాబితా బహిరంగంగా ఉన్నాయి. స్థానం తేల్చడానికి దీనికి మించిన చవకైన సాధనం లేదు. కానీ రెడ్‌షిఫ్ట్ 3 దాటాక రేడియోను మాత్రమే నమ్మకండి. పైన చెప్పిన సూక్ష్మతరంగ నేపథ్యపు కాంతి సాంద్రత రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపిన సంఖ్య నాలుగో ఘాతంతో పెరుగుతుంది, అంటే రెడ్‌షిఫ్ట్ 3 వద్ద ఇప్పటికన్నా 256 రెట్లు. రేడియోలో వెలగవలసిన ఎలక్ట్రాన్లు ఆ నేపథ్యానికే శక్తిని ధారపోస్తాయి.

మీ ప్రాజెక్టుకు వస్తే, ఇంటి దగ్గరి నుంచే ఇలా చేయండి. మీరు ఎంచుకున్న గెలాక్సీలను వీఎల్‌ఏ జాబితాతోనూ, హెర్షెల్ వెలుగును పంచి తీసిన జాబితాతోనూ, ఆల్మా భాండాగారంతోనూ, చంద్రా అంతరిక్ష టెలిస్కోపు ఎక్స్-కిరణాల జాబితాతోనూ జతపరచండి. జాబితాలను జతపరిచే టాప్‌క్యాట్ అనే ప్రోగ్రాము ఉంటే ఇది ఒక మధ్యాహ్నపు పని. ఆ తర్వాత మాత్రం తొందరపడకండి. ప్రతి గెలాక్సీకీ అన్ని తరంగాల చిన్న చిత్రాలను పక్కపక్కన పెట్టి కళ్లతో చూడండి. సిగాల్ వంటి ప్రోగ్రాముతో అతినీలలోహితం నుంచి పరారుణం దాకా కొలతలన్నిటినీ ఒకేసారి నమూనా వర్ణపటాలతో సరిపోల్చవచ్చు. అయితే అది «మింగిన శక్తి, వెదజల్లిన శక్తి సమానం» అన్న లెక్కను గెలాక్సీ మొత్తానికి వర్తింపజేస్తుంది. నీలి కాంతి ఒక మూల నుంచి, ధూళి వెలుగు మరో మూల నుంచి వస్తున్న గెలాక్సీలను ఆల్మా ఎన్నో చూపించింది. అలాంటి చోట ఆ సరిపోలిక అందంగా ఉన్నా అర్థం ఉండదు. చివరికి లక్ష కోట్ల సూర్యుల పరారుణ వెలుగుకు ఏడాదికి సుమారు 100 సూర్యుల నక్షత్రాలని మార్చేటప్పుడు, ఏ నక్షత్ర ద్రవ్యరాశి పంపిణీ (పుట్టే నక్షత్రాల్లో చిన్నవెన్ని, పెద్దవెన్ని అన్న ఊహ) తీసుకున్నారో తప్పక రాయండి. పాత సాల్పీటర్ పంపిణీ తీసుకుంటే అదే వెలుగు 170 అవుతుంది, రెండు పత్రాలను పోల్చినప్పుడు జరిగే గొడవల్లో సగం ఇక్కడ పుట్టేవే.

పరారుణంలో కనబడని గెలాక్సీలకు సున్నా వేయకండి. అక్కడ మీకున్నది పై హద్దు మాత్రమే. అలాంటివాటిని ద్రవ్యరాశి, రెడ్‌షిఫ్ట్ ప్రకారం గుంపులుగా చేసి, వాటి పరారుణ చిత్రపు ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీయండి. విడిగా చిత్రపు రొదలో (నాయిజ్) మునిగినవి కలిపితే తల ఎత్తుతాయి. జీఎంఆర్‌టీతో 7,653 గెలాక్సీల హైడ్రోజన్ సంకేతాన్ని పేర్చి 2020లో కొలిచినది ఈ ఉపాయంతోనే.

టెలిస్కోపు లేదన్న దిగులు వద్దు కానీ, ఒక్కసారి మీరు పనిచేస్తున్న చోటును కళ్లతో చూసి రండి. మార్చిలో రాత్రి పదకొండు ప్రాంతంలో డాబా ఎక్కితే మఖ నక్షత్రం నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. దానికి దక్షిణంగా పది డిగ్రీలు, అంటే చేయి చాచి పట్టిన పిడికిలంత దూరంలో, ఖాళీగా కనిపించే చోటే కాస్మాస్ క్షేత్రం. జతపరచిన జాబితా తయారయ్యాక, ఎక్స్-కిరణాల్లోనూ కనిపించిన గెలాక్సీలను విడిగా తీసి వాటి 24, 250 మైక్రాన్ల విలువలు ఇక్కడ పెట్టండి. ముందు వాటిని చూద్దాం.